ఊయలకి కుట్లుండవు

ఇలా దగ్గరికి జరగండి. ఇంకాస్త. చేతిలో తినేది ఏదైనా ఉంటే దాన్ని కూడా పట్టుకునే రండి, నేనేమీ అనుకోను. ఈ మాట గట్టిగా అంటే డాక్టర్లు నొచ్చుకుంటారు. అందుకని చెవిలో చెప్పినట్టు చెబుతున్నాను.

ఇంట్లో చిన్నపిల్ల ఒళ్ళు చేసి, బరువుగా, ఎత్తుకుంటే నడుం పట్టేసేలా ఉందంటే అది ఆ ఇంటి భాగ్యం!

నవ్వకండి. లోకమంతా కట్టగట్టుకుని పసిపిల్లల బరువు మీద పడింది. టీవీలో అదే, పేపర్లో అదే, స్కూలు మీటింగులో అదే. అవతలి పక్షాన మాట్లాడే దిక్కు లేదు. సరే, నేను మాట్లాడతాను. నా చదువు అయిదో తరగతి దగ్గర ఆగిపోయిన మాట నిజమే. కాని నా చేతుల మీదుగా పెరిగిన పిల్లలు ఒక బస్సుకి సరిపోతారు. ఎవరికి ఏ కూర గిట్టేది కాదో, ఎవరు మందు మింగినట్టు నటించి కిటికీలోంచి ఉమ్మేసేవారో ఇవాళ్టికీ చెప్పగలను. ఇంత అనుభవం ముందు డాక్టరు మెడలో వేలాడే ఆ గొట్టం ఏపాటిది?

నా మనవరాలు ఉంది, కొడుకు కూతురు. ఆరేళ్ళది. గుమ్మడి అని పిలుస్తాం. పుట్టినప్పుడు దూదిపింజలా ఉండేది. కాస్త కండ పడుతుందని ఆ పేరు పెట్టింది నేనే. పడింది! నా నోటి చలవ అలాంటిది. ఇంతకాలం ఈ శక్తిని ఇంటిపనిలో వృథా చేసుకున్నాను.

బొద్దుపిల్ల వల్ల లాభాలు ఒకటా రెండా?

పక్కింటావిడ మనవడు సన్నం. వాడి వెనక పరిగెత్తి పరిగెత్తి ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. మా గుమ్మడి అలా కాదు, కూర్చోబెట్టిన చోటే కూర్చుంటుంది. సోఫాలో చేరేసి, చేతికి ఫోన్, ఒళ్ళోకి చిప్స్ ప్యాకెట్ ఇచ్చి నేను ఒక కునుకు తీసి లేస్తే, పిల్ల అక్కడే ఉంటుంది. ప్యాకెట్ ఉండదు. అంతే తేడా. ఇంత నెమ్మది పిల్ల ఎవరికి దొరుకుతుంది చెప్పండి?

చెప్పులు అరగవు. స్కూలు మా వీధి మలుపులోనే ఉంది, అయినా స్కూటర్ మీదే ప్రయాణం. నడిపిద్దామంటే ఫుట్‌పాత్ ఏదీ? దాని మీద కార్లు నిద్రపోతుంటాయి. పాపం వాటిని లేపడం ఎందుకని మనుషులమే పక్కకి తప్పుకున్నాం.

అన్నిటికన్నా పెద్ద లాభం పరువు. ఇది ఆడవాళ్ళకే అర్థమవుతుంది. మా అబ్బాయి చిన్నప్పుడు చీపురుపుల్లలా ఉండేవాడు. మా ఆడపడుచు వచ్చిందంటే చాలు, వాడి జబ్బ పట్టుకుని చూసేది, తర్వాత నా వైపు చూసేది, చూసి నిట్టూర్చేది. మాట లేదు, పలుకు లేదు, ఒక్క నిట్టూర్పు. పిల్లాడికి తిండి పెట్టడం చేతకాని దాన్నని ఆ నిట్టూర్పుకి అర్థం. దానికి జవాబు చెప్పడానికి నాకు సగం జీవితం పట్టింది. గుమ్మడిని ముందు నిలబెట్టి చెప్పాను! ఆవిడ పిల్ల జబ్బ పట్టుకోబోయింది. చెయ్యి చాలలేదు. ఆ రోజు నాకు ఆకలి కూడా వేయలేదంటే నమ్మండి.

ఇక మా ఇంటి సంగతి చెప్పాలి, లేకపోతే ఈ భాగ్యం ఎలా కలిగిందో మీకు తెలియదు.

మా అబ్బాయి సిటీ బస్సు డ్రైవర్. కోడి కూయక ముందే డిపోకి వెళ్ళి, ఎండ వాలాక వస్తాడు. కోడలు పెద్ద స్టోర్లో బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడుతుంది. దీపాలు వెలిగాక, షట్టర్ దించాక వస్తుంది. ఆ కౌంటర్ పక్కన చాక్లెట్లు సరిగ్గా పిల్లల ముక్కు ఎత్తులో వరసగా పేర్చి ఉంటాయి. పేర్చేది నా కోడలే. పేర్చకపోతే సూపర్‌వైజర్ ఊరుకోడు. పగలంతా ఊళ్ళో పిల్లల కోసం పేర్చి, సాయంత్రం ఒకటి తన పిల్ల కోసం కొనుక్కుని వస్తుంది. మా ఇంటాయన టైలర్. ముందుగదిలో మిషన్ వేసుకుని కుడతాడు. ఆయన భోజనానికి టైము లేదు, దారం అయిపోయినప్పుడు లేస్తాడు. నేను అందరికీ పెట్టాక తింటాను. అంటే ఎప్పుడో నాకే తెలియదు.

ఒక పొయ్యి, ఒక గిన్నె అన్నం, ఎవరి వేళ వాళ్ళది. ముచ్చటపడి డైనింగ్ టేబుల్ కొన్నాం. దాని నాలుగు కుర్చీలూ ఒకేసారి నిండింది షాపులో, గట్టిగా ఉన్నాయా లేదా అని కూర్చుని చూసిన రోజే.

ఒంటరిగా కూర్చుంటే ముద్ద దిగుతుందా? రోజంతా కిక్కిరిసిన జనాన్ని మోసుకు తిరిగిన మనిషి ఇంటికొచ్చి గోడని చూస్తూ తినగలడా? "నాన్నకి తోడు రావే గుమ్మడీ" అంటాడు మా అబ్బాయి. అది వస్తుంది. తింటుంది. తాత టీ తాగుతూ బిస్కెట్ ముంచుకుందాం రమ్మంటాడు. వెళ్తుంది. కోడలు వచ్చేసరికి పిల్ల కడుపు నిండే ఉంటుంది. కాని తల్లి మనసు నిండదు కదా! కంచం ముందు పెట్టుకుని, "నువ్వు తినకపోతే నేనూ తినను" అంటుంది. తల్లి పస్తు ఉంటానంటే ఏ పిల్ల ఒప్పుకుంటుంది? మళ్ళీ తింటుంది.

వీళ్ళందరికన్నా నా పద్ధతి శ్రేష్ఠం. ఇది తాత ముద్ద, ఇది నాన్న ముద్ద, ఇది అమ్మ ముద్ద అని ఒక్కొక్కరి పేరా ఒక్కొక్కటి. పెడుతున్నంత సేపూ పేర్లు రావాలే గాని, మనకి చుట్టాలకి కొదవా? ఇంటివాళ్ళు అయిపోతే అత్తలు, అత్తలు అయిపోతే వాళ్ళ తోడికోడళ్ళు, వాళ్ళూ అయిపోతే నాన్న బస్సులో కండక్టరు. ఒకరోజు ఎవరూ గుర్తుకు రాక కరెంటు మీటర్ చూడడానికి వచ్చినాయన పేరున కూడా ఒక ముద్ద పెట్టేశాను. ఆయనకి ఆ సంగతి తెలియదు.

అడగనిదే అమ్మైనా అన్నం పెట్టదంటారు. ఆ సామెత చెప్పినవాళ్ళు మా ఇంటికి రాలేదు. మా ఇంట్లో అడక్కుండానే అందరూ పెడతారు. పైగా ఎవరికి వాళ్ళకే అనుమానం, మిగతావాళ్ళు సరిగ్గా పెట్టి ఉండరని. తల్లి ఇంట్లో లేని పిల్ల అని నేను, ముసలావిడకి ఓపిక ఎక్కడిదని కోడలు, ఆడవాళ్ళకి గుర్తుండదని మగవాళ్ళు. తిలాపాపం తలా పిడికెడు అని ఊరికే అన్నారా? మా ఇంట్లో మాత్రం పిడికిళ్ళు నాలుగు, నోరు ఒకటే.

మరి పిల్ల అంతలా ఒళ్ళు చేస్తుంటే మీ కళ్ళు ఏమయ్యాయి నానమ్మా అని అడుగుతారు. మంచి ప్రశ్న.

ఇతరుల ఇళ్ళలో ఆ కబురు గౌను చెబుతుంది. హుక్ పట్టదు, చంక దగ్గర పిగులుతుంది, అప్పుడు ఇంట్లో గోల మొదలవుతుంది. కాని మాది టైలర్ ఇల్లు! పెరిగే పిల్లల బట్టకి లోపల గుడ్డ వదలాలని మా ఇంటాయన వృత్తి ధర్మం. చిన్న గౌనులో కూడా ఇంకో గౌనుకి సరిపడేంత గుడ్డ మడతపెట్టి దాస్తాడు. సాయంత్రం పట్టని హుక్ పొద్దున్నకి హాయిగా పట్టేసేది. ఆయన ఎవరితోనూ అనడు, నోట్లో సూది పెట్టుకునే మనిషికి మాట ఎక్కడ వస్తుంది? కుట్టు విప్పడం, జరిపి వేయడం, కొక్కేనికి తగిలించడం. గౌను సరిపోతోంది కాబట్టి పిల్ల అలాగే ఉందని నేను, కోడలు అనుకున్నాం. కుట్టు జరుగుతోంది కాబట్టి పిల్ల ఎదుగుతోందని ఆయన మురిసిపోయాడు.

లోపలి గుడ్డ అయిపోయాక పక్కల్లో వేరే రంగు పట్టీలు వేశాడు. అది కొత్త ఫ్యాషన్ అనుకున్నాం! వీధిలో ఇద్దరు తల్లులు వచ్చి తమ పిల్లల గౌన్లకి కూడా అలాంటి పట్టీలు వేయమని అడిగారు. ఆ పూట నేను మెడ ఎంత ఎత్తానంటే, గుమ్మం తగిలింది.

ఇంతవరకు అన్నీ లాభాలే కదా? ఇప్పుడు ఊయల సంగతి.

వీధి చివర చిన్న పార్కు ఉంది. చిన్నపిల్లలు జారిపడకుండా అక్కడి ఊయలకి చుట్టూ ఇనప కడ్డీలు, కుర్చీ పెట్టెలాగా ఉంటుంది. ఒకరోజు సాయంత్రం గుమ్మడి అందులోకి ఎక్కింది. ఎక్కడానికి కాస్త కష్టపడింది, నేను వెనకనుంచి ఒక చెయ్యి వేశాను. ఊగింది. నవ్వింది. దిగుదామంటే రాలేదు.

నేను లాగాను. రాలేదు. వెనక వరసలో నిలబడ్డ పిల్లలు మొదట నవ్వారు. తర్వాత విసుక్కున్నారు. నవ్వే నయమని అప్పుడు తెలిసింది. తోటమాలి వచ్చి, గేటు మడతబందులకి పోసే నూనె తెచ్చి కడ్డీలకి రాసి, చిన్నగా తిప్పి తిప్పి బయటికి తీశాడు. పాపం మంచివాడు, ఒక్క మాట కూడా అనలేదు. పిల్ల ఏడవలేదు. నూనె మరకల గౌనుని కిందికి లాక్కుని, నా వేలు పట్టుకుని నడిచింది. సగం దారిలో ఆగి అంది:

"నానమ్మా, ఆ ఊయలకి కూడా కుట్లు విప్పమని తాతకి చెప్పవా?"

ఇంటికొచ్చి ఆ మాట మా ఇంటాయనతో చెప్పాను. మిషన్ మీద ఆయన కాలు ఆగిపోయింది. "ఇనుముకి కుట్లుండవే" అన్నాడు. నాతో అన్నాడో, తనలో తనే అనుకున్నాడో.

ఆ రోజు నుంచి గుమ్మడి పార్కుకి రానంది. మా ఫ్లాట్ కింద నుంచి పిల్లలు పిలిస్తే కర్టెన్ వెనక్కి వెళ్ళేది. వాళ్ళు కూడా పిలిచి పిలిచి మానేశారు. ఇదీ లాభమే అనుకోండి! సాయంత్రం పార్కుకి తీసుకెళ్ళే పని తప్పింది, కాళ్ళకి విశ్రాంతి. అలా అని నాకు నేను నచ్చజెప్పుకుని, పిల్ల దిగులుగా ఉందని ఒక ఐస్‌క్రీమ్ ఇచ్చాను. మనకి తెలిసిన మందు అదొక్కటే కదా.

పిల్ల స్కూల్లో కూడా ఆటల పీరియడ్‌కి లేవడం లేదని టీచర్ కబురు పెట్టింది. ఇక కోడలు సెలవు పెట్టింది, అబ్బాయి డ్యూటీ మార్చుకున్నాడు, ఆయన మిషన్‌కి ముసుగు వేశాడు. అందరం కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. షాపులో ఆ టేబుల్ కొన్న రోజు తర్వాత మేమంతా ఒకేచోట వరసగా కూర్చున్నది ఆ వెయిటింగ్ హాల్లోనే. నలుగురం ఒకళ్ళనొకళ్ళు చుట్టాల్ని చూసినట్టు చూసుకున్నాం.

పిల్లకి అన్నం ఎవరు పెడతారని డాక్టరమ్మ అడిగింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నలుగురం ఒకేసారి మాట్లాడాం. ఫోన్ వల్ల అని నేను. వీధిలో చిప్స్ అమ్మేవాళ్ళ వల్ల అని అబ్బాయి. స్కూల్ క్యాంటీన్ వల్ల అని కోడలు. మా వంశమే పుష్టి వంశం అని ఆయన. ఆయన్ని మీరు చూడలేదు కాబట్టి చెబుతున్నాను, ఆయన చేతిలో సూదికీ ఆయనకీ తేడా సూదికి ఒక్క కన్నే ఉండటం!

డాక్టరమ్మ మా గొడవ మధ్యలో ఆపి, కుర్చీ జరిపి, పిల్లనే అడిగింది.

"ఆకలి బాగా వేస్తుందా తల్లీ?"

"వేయదండీ," అంది గుమ్మడి. "కాని నేను తినకపోతే అమ్మ తినదు."

అది ఇంకా చెబుతూనే ఉంది, పని ఒప్పజెబుతున్న మనిషిలా. నాన్నకి తోడు ఎవరూ ఉండరు. తాత ఒక్కడే అయితే తాగకుండా టీ చల్లార్చేస్తాడు. నానమ్మ పెట్టే ముద్దలు అందరివీనూ, ఒకటి వదిలితే వాళ్ళకి ఉండదు.

నా కోడలు కళ్ళనీళ్ళు కారుతున్నా కొంగుతో తుడుచుకోలేదు. మా అబ్బాయి కిటికీ వైపు చూశాడు, అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. నేను నా చెప్పుల వంక చూసుకున్నాను. ఆ మీటరాయన గుర్తుకొచ్చాడు. ముక్కూ మొహం తెలియని ఆయన ఆకలి కూడా ఈ పసిదాని కడుపులో పడేశాను కదా అని.

డాక్టరమ్మ మందేమీ రాయలేదు. పిల్లని ఏమీ అనొద్దు, పస్తులు పెట్టొద్దు, రోజూ ఆడనివ్వండి అంది. లేచి వస్తుంటే వెనకనుంచి ఒక మాట అంది.

"పిల్లని తగ్గించడం తర్వాత సంగతి. ముందు దాని డ్యూటీ తగ్గించండి."

సరే, అందరం ఒకే వేళకి తిందామని తీర్మానించుకున్నాం. ఎంత తేలిక! మా అబ్బాయి డిపోలో షిఫ్టు మార్చమని అడిగాడు. తప్పకుండా, నీ ముందున్నవాళ్ళు రిటైరయ్యాక అన్నారు. కోడలు స్టోర్లో సాయంత్రం కాస్త ముందు వదలమని అడిగింది. జనం వచ్చేదే అప్పుడు కదమ్మా అన్నారు. పిల్లని సన్నబరచమని సలహా చెప్పేవాళ్ళు గుమ్మం గుమ్మానికీ ఉన్నారు. స్కూలు చెబుతుంది, టీవీ చెబుతుంది, లిఫ్టులో కలిసినావిడ కూడా చెబుతుంది. షిఫ్టు సన్నబరిచే మహానుభావుడు మాత్రం నాకింతవరకు కనబడలేదు. బహుశా పిల్లలు తేలిగ్గా దొరుకుతారు కాబట్టేమో!

కాబట్టి ఎవరి వేళ వాళ్ళదిగానే ఉంది. మారింది ఒక్కటే. గుమ్మడి ఇప్పుడూ తోడు వస్తుంది, కాని మళ్ళీ మళ్ళీ తినదు.

మొదటిరోజు కోడలు కంచం ముందు కూర్చుని, అలవాటు మాట నోటిదాకా వచ్చి మింగేసింది. పిల్ల ఎదురుగా కుర్చీ ఎక్కి, ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో దాచుకుంది. "నువ్వు తిను అమ్మా. నేను కూర్చుంటా" అంది. నా కోడలికి మొదటి ముద్ద దిగలేదు. అప్పుడు పిల్ల టీచర్ కళ్ళజోడు పోయిన కథ మొదలుపెట్టి, అది టీచర్ తల మీదే దొరికేదాకా చెప్పింది. ఆ కథ అయ్యేసరికి కంచం ఖాళీ అయింది.

తినకుండా కూడా తోడు కూర్చోవచ్చని ఆ పిల్లకి మేమెవ్వరం చెప్పలేదండీ. మాకు తెలిస్తే కదా చెప్పడానికి!

గుమ్మడి అన్న పేరు మానేద్దామా అని దాన్నే అడిగాం. ఆలోచించి చెబుతానంది. ఇంకా ఆలోచిస్తోంది.

అందరూ మారారు కాని నా చెయ్యి మారలేదు. అన్నం కలుపుతుంటే దానంతటదే ఒక ముద్ద ఎక్కువ చుడుతుంది. చుట్టాక పారేస్తామా? నేనే తింటున్నాను. ఫలితం మొన్న తెలిసింది. మా ఇంటాయన ఎవరితోనూ అనకుండా నా జాకెట్టు కుట్లు విప్పుతూ దొరికిపోయాడు! అప్పుడు ఒక ఒప్పందం చేసుకున్నాం. ఈ ఇంట్లో ఎవరి కుట్టు విప్పినా అందరికీ చూపించి విప్పాలి. పిల్ల గౌనుదీ అంతే. పొడుగు ఎదిగితే కింద అంచు విప్పుతాడు, పక్కలది విప్పాలంటే నన్ను పిలుస్తాడు. ఇద్దరం గౌనుని వెలుగులో పట్టుకుని, న్యాయమూర్తుల్లా చూస్తాం.

ఇక పార్కు. రోజూ వీధి చివరిదాకా నడిపించుకుపోయాను, కార్ల మధ్య నుంచి ఒళ్ళు పక్కకి తిప్పుకుని. చాలా రోజులు అది గేటు దాటలేదు. కడ్డీ పట్టుకుని లోపలికి చూసేది, ఇంటికి పోదాం అనేది, వచ్చేసేవాళ్ళం. నిన్న మాత్రం చూసి చూసి నా వేలు వదిలింది. ఇనప ఊయల వైపు పోలేదు. పెద్దపిల్లల చెక్క ఊయల ఖాళీగా ఉంది. దాని మీద కూర్చోవడానికి ఎత్తు అందక, పొట్ట ఆనించి బోర్లా పడుకుని, కాళ్ళతో నేలని తన్నింది. ఊయల కదిలింది. మరకల గౌను గాలికి లేచింది. ఎవరో పిల్ల వచ్చి, "అలా ఊగితే కళ్ళు తిరుగుతాయి తెలుసా?" అంది. "తిరగనీ" అంది మాది.

నేను బెంచీ మీద కూర్చుని చూశాను. నా సంచిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంది. సంచి మూతి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

అందుకే మళ్ళీ అంటున్నాను, బొద్దుపిల్ల ఇంటికి భాగ్యం! అది లావయ్యింది కాబట్టి, మేం నలుగురం ఒక్కొక్కరం ఒంటరిగా తింటున్నామని మాకు తెలిసింది. లేకపోతే ఎప్పటికి తెలిసేది? మా అందరి ఒంటరితనాన్నీ మోసింది ఆరేళ్ళ పిల్ల. మోస్తున్న దాన్ని పట్టుకుని, ఎందుకింత లావయ్యావని అడగబోయాం.

ఇంత దగ్గరికి వచ్చి విన్నారు కదా, దీన్ని గుర్తుపెట్టుకోండి. మీకు తెలిసిన నానమ్మలకి, అమ్మమ్మలకి చెప్పండి. మీటరాయన ముద్ద సంగతి మాత్రం నాది అనకుండా, ఎవరో ఒకావిడది అని చెప్పండి. కాస్త పరువైనా మిగలాలి కదా, మా ఆడపడుచు ఇంకా బతికే ఉంది.

మొదట్లో చేతిలో తినేది ఏదైనా ఉంటే పట్టుకు రమ్మన్నాను, గుర్తుందా? మీకు ఆకలైతే అది మీరే తినండి. పక్కన పిల్ల ఉంటే, ఊరికే కూర్చోమనండి.